పుష్‌రాడ్డు పొడవు చూడవలెను

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో కాలువ నీరందని చేలకు, విద్యుత్తు లేని బావులపై ఆయిలు ఇంజనే దిక్కు. వరి పొట్టమీద నుండగా, అప్పుడే మరమ్మతై వచ్చిన ఇంజనొకటి నడవకుండుట మేము చూచితిమి. హెడ్డు అడుగును రాపించి చదును చేసిరి. పుష్‌రాడ్డు మాత్రము పాతదే. హెడ్డు ఎంత దిగిన రాడ్డు అంత పొడవైనట్లే. అప్పుడు వాల్వు పూర్తిగా మూసికొనదు, కంప్రెషను నిలువదు.

కావున ఇంజను చల్లారిన పిమ్మట, రెండు వాల్వులును మూసియుండగా, కంపెనీ పుస్తకము చెప్పిన సందు ఉంచవలెను. సర్దుబాటు మర చివరకు వచ్చినను సందు చాలకున్న, పొట్టి రాడ్డు వేయింపవలెను. పిదప వాల్వు కాడ కొనకు మసి పూసి, చమురు కట్టి, ఫ్లైవీలును చేతితో రెండు చుట్లు త్రిప్పవలెను. రాకరు ముక్కు గుర్తు కొన నడుమ పడవలెను. అంచున పడిన, దోషము రాకరు ఎత్తులోనిది. రాడ్డు మార్చినను పోదు.

సభ్యులు ఇవి చూచిన పిమ్మటనే మరమ్మతు కూలి చెల్లింతురుగాక.