పాత జీపును మెఱుగుపఱచుటయా, వేఱొకటి కొనుటయా?

ఇత్తడి బిందె చిల్లిపడినప్పుడు మాటు వేయింపవలెనా, తూకమునకు వేసి వేఱొకటి కొనవలెనా యను విచారము గృహిణికి క్రొత్తది కాదు. ఏ పాత్రకు కళాయి చాలునో, ఏ పాత్రకు ఆయువు తీరినదో మనము చూచినంతనే చెప్పగలము. కాని యింటి ముంగిట నిలిచిన పాత జీపు మాట వచ్చినప్పుడు మాత్రము మనలో ననేకులు “అది మగవారి పని” యని తప్పుకొందురు. ఇది తగదు. దానిపై వెచ్చించు ధనము సంసారపు ధనమే. దాని వెనుకభాగమున కూర్చుండువారు మన బిడ్డలే. కావున నీ విషయమున గృహిణి తెలిసికొనవలసిన సంగతులను కొన్నిటిని ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట జీపు యొక్క స్వభావమును తెలిసికొందము. 1941 నుండి అమెరికా సైన్యము కొఱకు విల్లీసు కంపెనీ వారు పెద్దయెత్తున చేసిన బండియే దీనికి మూలము. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో నా బండ్లను కూర్చి అమ్మ నారంభించిరి. 1985లో మారుతీ వారి జిప్సీ వచ్చినది. మన మన్యపు త్రోవలలో, వాగుల యొడ్డున, తోటలలో నేటికిని కనబడు పాత బండ్లు చాలవఱకు నీ రెండు కుటుంబములకు చెందినవే. సామాన్యమైన కారునకును వీనికిని ముఖ్యమైన భేదములు మూడు. మొదటిది, నిచ్చెనవలె నుండు నుక్కు ఛాసిస్. బండి భారమంతయు దానిమీదనే నిలుచును. రెండవది, ఇంజను బలము నాలుగు చక్రములకును అందు నేర్పాటు. మూడవది, వేగమును తగ్గించి బలమును హెచ్చించు ప్రత్యేకమైన గేరు. బురదలోను, నిట్రమైన యెక్కుడులోను బండిని నడిపించునది యీ మూడే.

ఇక “బాగుచేయుట” యను నొక్క మాటలో రెండు వేర్వేఱు పనులు దాగియున్నవి. చెడినదానిని పూర్వస్థితికి తెచ్చుట మరమ్మతు. ఎన్నడును లేని శక్తిని దానికి కల్పింప బూనుట మార్పు. ఈ రెంటిని కలిపి లెక్క వేయుటచేతనే యనేక గృహములలో ధనము వ్యర్థమగుచున్నది.

మరమ్మతునకు బండి తగునా యనునది ఛాసిస్ చెప్పును. మనము కుండను కొనునప్పుడు వ్రేలితో తట్టి నాదమును వినుట లేదా? అట్లే ఛాసిస్‌ను చిన్న సుత్తితో అచ్చటచ్చట కొట్టి చూడవలెను. గట్టి యినుము ఖంగుమనును. త్రుప్పు తిన్నచోట మొద్దు చప్పుడై పెచ్చులూడును. కమానుపట్టాలు తగిలించిన చోట్లను, అడ్డదూలములు కలియు మూలలను విశేషముగా పరీక్షింపవలెను. తీరప్రాంతమున నుండిన బండికి ఉప్పుగాలి వలన నీ భయము హెచ్చు. తరువాత ముందుచక్రమును జాకీతో నేలనుండి లేపి, పైనను క్రిందను పట్టి యూపి చూడవలెను. కదలిక యున్నచో కింగుపిన్నులో, బేరింగులో అరిగియుండును. స్టీరింగును త్రిప్పినప్పుడు చక్రము వెంటనే తిరుగక జాగుచేసినచో అదియు చూపింపదగినదే. బ్రేకులు, తీగెలు, రబ్బరు గొట్టములు, క్లచ్చి యివన్నియు అరిగినకొలది మార్చుకొనదగినవే. ఛాసిస్ నిబ్బరముగా నుండి తక్కినవి మాత్రమే యరిగియున్నచో, ఆ బండిని విడువ నక్కఱలేదు. ఛాసిస్సే చివికినచో, పైన ఎంత రంగు పూసినను లాభము లేదు.

మార్పుల సంగతి వేఱు. పెద్దటైర్ల మాటనే చూడుడు. 28 అంగుళముల టైరును తీసి 31 అంగుళముల టైరును వేసినచో బండి నేలనుండి మూడంగుళములు లేచునని పలువురి యూహ. నిజమునకు లేచునది ఒకటిన్నర యంగుళమే. చక్రమధ్యము నుండి నేలకు గల దూరము వ్యాసములో సగమే కదా. దానికి మాఱుగా ఒక్కొక్క చుట్టునకు బండి నూటికి పదునొకండు పాళ్లు ఎక్కువ దూరము సాగును. అనగా గేర్ల బలము ఆ మేరకు తగ్గును. వేగసూచి 40 చూపునప్పుడు నిజముగా 44 దాటియుండును. బరువైన చక్రము నాపుటకు పాత బ్రేకులు చాలవు. బ్రేకులు మార్చిన పిదప ఇంజను చాలదనిపించును. ఇంజను బలమైనదైనచో క్లచ్చియు, గేరుపెట్టెయు, ఇరుసులును ఆ బలమునకు తాళలేవు. గోచిని ఎలుకలు కొఱుకుచున్నవని పిల్లిని, పిల్లికి పాలకై ఆవును, ఆవును మేపుటకై యిల్లాలిని తెచ్చుకొన్న సన్న్యాసి కథ మనకందఱకును తెలిసినదే. బండిని పైకెత్తించుటయు నిట్టిదే. భారకేంద్రము పైకి పోవుటచేత మలుపులో బోల్తాపడు నపాయము హెచ్చును.

చట్టము కూడ దీని కడ్డు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన మూలలక్షణములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును ఆ సంగతినే స్థిరపఱచిరి. ఆ సంవత్సరమే చట్టమునకు జరిగిన సవరణ వలన నిట్టి మార్పు ఒక్కొక్కదానికి ఆఱు మాసముల వఱకు ఖైదో, 5,000 రూపాయల జుల్మానాయో విధింపవచ్చును. అంతకంటె ముఖ్యమైనది బీమా. అనుమతి లేని మార్పులు గల బండి ప్రమాదమునకు లోనైనచో బీమావారు పరిహారమునకు పేచీ పెట్టుట కవకాశము కలుగును.

ఇంతవఱకును ధనపు లెక్క. దానిని మించినది ప్రాణపు లెక్క. పాత జీపులలో వెనుకభాగమున ఎదురెదురుగా రెండు బల్లలుండును. పిల్లలు వానిపై ప్రక్కవాటుగా కూర్చుందురు. బండి హఠాత్తుగా నాగినను, దేనినైనను తాకినను, ముందునకు తూలవలసిన దేహము భుజము వైపునకు విసరివేయబడును. ఆనుకొనుటకు వెన్నుబల్ల యచ్చట నుండదు. “బెల్టులు బిగింపించెదము” అని కొందఱందురు. పలుచని నేలరేకునకు బిగించిన మేకు, తాకిడి సమయమున రేకుతో కూడ ఊడివచ్చును. ప్రక్కకు తూలు దేహమును నడుముపట్టి యొక్కటి కాపాడజాలదు. ఎయిర్ బ్యాగులు, చక్రములు బిగిసిపోకుండ నాపు బ్రేకు లేర్పాటు మొదలగునవి బండిని రచించునప్పుడే దానిలో నమరవలసినవి. తరువాత షెడ్డులో తగిలింప వీలైనవి కావు. కావున పాత బండికి ఏ మెఱుగు పెట్టినను దీనిని మాత్రము సమకూర్ప లేము.

వేఱొకటి కొనువారు గమనింపవలసిన విషయములు కొన్ని కలవు. 2020 అక్టోబరులో విక్రయమునకు వచ్చిన రెండవ తరపు థార్ బండిలో వెనుక సీట్లు ముందువైపునకు చూచునట్లమర్చిరి. ఆ సంవత్సరము నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థవారు జరిపిన తాకిడి పరీక్షలో దానికి పెద్దల రక్షణకును, పిల్లల రక్షణకును నాలుగేసి నక్షత్రములు లభించినవి. అయితే 2023 జనవరి నుండి అదే రూపమున, వెనుక చక్రములకు మాత్రమే బలమందు థార్ బండ్లును అమ్మకమునకు వచ్చినవి. రూపము చూచి మోసపోక, నాలుగు చక్రముల యేర్పాటున్నదా యని యడిగి తీఱవలెను. 2023 జూనులో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ తేలికైనది. ఇఱుకు త్రోవలకు తగినది. పాతవానిలోనే మఱొకదానిని కొనువారు మొదట చెప్పిన సుత్తిపరీక్షను దానికిని చేయవలెను. లేకున్న మన రోగమును వదలించుకొని పొరుగువారి రోగమును కొనినట్లగును.

లెక్క వేయు విధము సులభమే. ఒక కాగితముపై మూడు వరుసలు గీయవలెను. మొదటి వరుసలో, బండి పూర్వస్థితికి వచ్చుటకు కావలసిన మరమ్మతు. రెండవ వరుసలో, ఏటేట నగు వ్యయము: బీమా, పొగపరీక్ష, ఇంధనము, విడిభాగములు. పదునైదేండ్లు నిండిన బండికి అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను క్రొత్తచేయింపవలెను. దాని రుసుము 2022 ఏప్రిలు నుండి 600 రూపాయల నుండి 5,000కు పెరిగినది. ఇరువదేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000గా నిర్ణయింపబడినది. మూడవ వరుసలో, సంవత్సరమున ఎన్నిదినములు ఆ బండి నిజముగా కొండదారిని నడచుననియు, ఆ దినములలో ఎవరెవరు దానిలో నుందురనియు వ్రాయవలెను. చాలమంది మొదటి రెండు వరుసలతో నిలుపుదురు. తీర్పు చెప్పునది మూడవదే.

నర్సీపట్నము చెంత జీడితోట గల యొక కుటుంబమున ఈ వివాదము రెండు మాసములు సాగెను. బండికి ఇరువదియైదేండ్లు. యజమాని పెద్దటైర్లును క్రొత్త ఇంజనును వేయింపదలచెను. ఆయన తండ్రి కొన్న బండి యగుటచేత అమ్ముటకు మన సొప్పలేదు. ఇల్లాలు వాదింపక, పై విధముగా మూడు వరుసలు వ్రాసి యాయన ముందుంచెను. బండి తోటకు పోవు దినములు నూఱునకు పైబడి యుండెను. అప్పుడు దానిలో నుండునది ఆయనయు, ఒక పాలేరును, జీడిపిక్కల బస్తాలును. పిల్లలతో లంబసింగి ఘాటునెక్కి చింతపల్లి బంధువుల యింటికి పోవు దినములు ఏటికి పదియైనను లేవు. ఛాసిస్ గట్టిగా నుండెను. కావున బ్రేకులును, కింగుపిన్నులును, తీగెలును మాత్రము బాగుచేయించి, వెనుక బల్లలను తీసివేసి, జీపును తోటపనికి నిలుపుకొనిరి. పిల్లలతోడి ప్రయాణమునకు, ఇంజను మార్పునకు దాచిన సొమ్మును బయానాగా నిచ్చి, బెల్టులును ఎయిర్ బ్యాగులును గల చిన్నకారును కొనిరి. ఆ ఘాటునకు తారురోడ్డున్నది గనుక అచ్చటికి నాలుగు చక్రముల బలము అక్కఱలేదు కదా! మామగారి జీపు ఇల్లు విడువలేదు. పిల్లలు బల్లమీద కూర్చుండుటయు మానిరి.

అందఱకును ఈ తీర్పే కుదురునని నేననను. రెండు బండ్లను పోషింపలేని యింటివారు ఒకదానిని విడువవలసియే యుండును. అట్టివారు పిల్లలు నిత్యము ఎక్కు బండికే మొగ్గుట మేలు. ఏది నిశ్చయించినను సోదరీమణులు ముందుగా నడుగవలసిన ప్రశ్న యొక్కటియే: మనకు కావలసినది ఈ బండిలో ఒకప్పుడుండి నేడు పోయినదా, లేక ఎన్నడును లేనిదా? పోయినదైనచో మేస్త్రీని పిలువుడు. ఎన్నడును లేనిదైనచో, ఆ ధనమును షెడ్డులో పోయక, అది గల బండి కొఱకు కూడబెట్టుడు.