కొల్లేటి మీద రెండు రోజులు

శని, ఆదివారాలు సెలవులే కదా! డిసెంబరులోనో, జనవరిలోనో ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకొని తాడేపల్లిగూడెంలో రైలెక్కండి. ఏలూరు వైపు పోతున్నప్పుడు కుడివైపు కిటికీలో మెట్ట పొలాలు, ఎడమవైపు కిటికీలో డెల్టా వరిచేలు కనిపిస్తాయి. ఆ ఎడమవైపు నేల దక్షిణానికి పోయేకొద్దీ పల్లమవుతూ, చివరకు నీళ్లలో కలిసిపోతుంది. ఆ నీళ్లే కొల్లేరు.

అక్కడే సరస్సు ఎందుకు ఏర్పడింది? అట్లాసు తీసి చూడండి. ఒక పక్క కృష్ణ, మరో పక్క గోదావరి. వరద వచ్చినప్పుడు నది తాను మోసుకొచ్చిన ఒండ్రును ముందుగా తన ఒడ్డుల దగ్గరే దించుతుంది. వేల ఏళ్లు ఇలా జరిగి ఆ ఒడ్డులు ఎత్తయ్యాయి. రెండింటికీ దూరంగా నడుమనున్న నేల పల్లంగానే మిగిలింది. తడి ఇసుకతో రెండు దిబ్బలు పక్కపక్కన పేర్చి, మధ్యలో చెంబుడు నీళ్లు పోయండి. మీ పెరట్లోనే చిన్న కొల్లేరు తయారవుతుంది!

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులెన్నో ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు సాగి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు. వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు సముద్రపు పోటు ఈ ఏటిలోకే ఎదురెక్కి వస్తుంది.

ఏలూరులో దిగాక తివాచీలు నేసేచోటు చూడగలిగితే వదలకండి. ఉన్ని దారాన్ని ఒక్కొక్క ముడిగా వేస్తూ పువ్వును పూయిస్తారు. ఆ ఓపిక చూసి తీరవలసిందే.

ఆదివారం ఉదయాన్నే కైకలూరు బస్సెక్కండి. దారి కొల్లేటి మీదుగానే పోతుంది. కైకలూరు పక్కనే ఆటపాక. అక్కడి గూడబాతులను చూడటానికే ఇంతదూరం వచ్చాం. ఈ పక్షి ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతుంటుంది. చేపలు దాచుకోవడానికే ఆ సంచి అనుకొంటారు చాలామంది. కాదు, అది వల. నీళ్లతో సహా చేపను తోడి, నీళ్లు వదిలేసి, చేపను మింగుతుంది. గూళ్లకు చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్లలో ఇనుప మంచెలు నిలబెట్టారు. పక్షులు వాటినీ చెట్లే అనుకొన్నాయో ఏమో, హాయిగా కాపురం పెట్టాయి!

నత్తగుల్ల కొంగను కూడా వెదకండి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. నత్తను పగలగొట్టడానికే ఆ సందు అనిపిస్తుంది గాని, అసలు పని చేసేది ముక్కు కొన. దానిని గుల్లలోకి దూర్చి, కండరాన్ని తెంచి, నత్తను బయటికి లాగుతుంది.

చుట్టూ చూస్తే మట్టిగట్ల చెరువులు కనిపిస్తాయి. బొచ్చె, రాగండి పెంచే చెరువులివి. సరస్సు లోపలికి కూడా ఇవి వ్యాపించాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం లోపలి గట్లను కొట్టివేయించింది. నీటికి దారి దొరికింది, కాని ఆ చెరువుల మీద బతికే లంకగ్రామాల కుటుంబాలెన్నో పనులు కోల్పోయాయి. తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎవరి పక్షాన మాట్లాడాలో చెప్పడం తేలిక కాదు. దోనె నడిపే తాతను అడిగితే ఒక కథ చెబుతాడు, చెరువుకు కాపలా ఉన్న అన్న ఇంకొకటి చెబుతాడు. రెండూ వినండి.

లెక్క మాత్రం ఒకటుంది. కొల్లేరు వరదనీటిని కొంతకాలం పట్టి ఉంచి, మెల్లగా ఉప్పుటేటికి వదిలే పళ్లెం. పళ్లెంలో గట్లు పెరిగితే నీరు పట్టే చోటు తగ్గుతుంది, పైనుంచి వచ్చే నీరు వెనక్కి ఎగదన్నుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు చేరవలసింది ఈ పళ్లెంలోకే.

సాయంత్రం వీలుంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గర ఆగండి. పొద్దువాలే వేళకు గూడబాతులు వరుసకట్టి తలల మీదుగా ఆటపాక వైపు మళ్లుతాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మీ నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడు మళ్లీ వచ్చినప్పుడు పోల్చి చూడటానికి పనికొస్తుంది.