ఇంజను ఆయిలులో మెరుపులు

కారుకు ఆయిలు మార్పించేటప్పుడు మనలో చాలామంది పాత ఆయిలు వంక చూడనైనా చూడరు. నల్లని ఆ జిడ్డులో చూడవలసిందేముంది అనుకుంటారు. కాని నాడి పట్టి చూసిన వైద్యుడికి ఒంట్లోని రోగం తెలిసినట్లు, అనుభవంగల మెకానిక్కుకు ఆ జిడ్డులోనే ఇంజను గుట్టు తెలుస్తుంది. అందులో లోహపు నలుసులు మెరిశాయా, లోపల ఏదో అరిగిపోతున్నదన్న మాటే. అదేదో వెంటనే పట్టుకుంటే చిన్న ఖర్చుతో పోతుంది. పట్టించుకోక నడిపితే ఇంజనుకే ముప్పు.

ఎలా పట్టుకోవడం? ముందు ఆయిలు ఫిల్టరును కోసి, లోపలి మడతల కాగితాన్ని వెలుతురులో పరచి చూస్తారు. తరువాత అయస్కాంతం. నలుసులు దానికి అంటుకుంటే అవి ఇనుమో ఉక్కో. పిస్టను రింగులు, క్యాం షాఫ్టు, టైమింగు చెయిను, ఆయిలు పంపు మొదలైనవాటిని అనుమానించాలి. అంటుకోకుండా, వెండిలా తెల్లగా, తేలికగా వుంటే బహుశా అల్యూమినియం. అప్పుడు చూపు పిస్టన్ల మీదికి పోతుంది.

అన్నిటికంటె భయపడవలసింది రాగి రంగు. క్రాంకు షాఫ్టును మోసే బేరింగులు చాలావాటికి మూడు పొరలుంటాయి: పైన సీసం, తగరం వంటి మెత్తని లోహం, దాని కింద రాగి కలిసిన పొర, అడుగున ఉక్కు. బేరింగులో మెత్తని లోహం పరిచే ఉపాయం 1839లో అమెరికాలో ఐజక్ బాబిట్ కనిపెట్టినది. ఆయిలుతో వచ్చిన ధూళి ఆ మెత్తదనంలో దిగబడిపోతుంది. ఖరీదైన షాఫ్టు బదులు చవకైన బేరింగు అరుగుతుంది. రాగి కనిపించిందంటే ఆ పైపొర తినేసిపోయి వుండవచ్చు.

అయితే రంగొక్కటే చూసి తీర్పు చెప్పరాదు. కొన్ని కార్లలో బేరింగులకూ అల్యూమినియమే వాడతారు. కొన్నిటిలో ఆయిలు కూలరు నుంచి రాగి వస్తుంది. కొత్త ఇంజను మొదటి ఆయిలులో సన్నని మెరుపు సహజమే, బెంగపడనక్కరలేదు.

కంటికి ఆనని రేణువులకు వేరే పరీక్ష వుంది. 1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైలు కంపెనీవారు పాత ఆయిలును మండించి, ఆ వెలుగును వర్ణపటంగా విడదీసి, డీజిలు ఇంజన్ల జబ్బులను ముందుగానే కనిపెట్టారు. ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క రంగు గీత! 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణంనాడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరులో సూర్యుని అంచున లేచే జ్వాలలను పరీక్షించింది కూడా ఈ విద్యతోనే. కాని ఈ పరీక్షకు సుమారు ఎనిమిది మైక్రాన్లు దాటిన ముక్కలు సరిగా అందవు. వాటికి ఫిల్టరూ అయస్కాంతమే గతి.

నలుసులు బాగా కనిపించినప్పుడు ఆయిలు మార్చి వూరుకోకండి. ఆయిలు ఒత్తిడి కొలిపించండి. అడుగున దడదడ శబ్దం వుందేమో వినిపించుకోండి. ఒత్తిడి తగ్గినా, శబ్దం వున్నా, ఇంజను మళ్ళీ వెయ్యకుండా ఆయిలు తొట్టి విప్పించి బేరింగులు చూపించండి. ఆ పని అయ్యేదాకా పాత ఫిల్టరును మాత్రం పారవేయనివ్వకండి.