వాల్ టాక్స్ రోడ్డు నుంచి బీచ్ స్టేషన్ దాకా

బిజినెస్ డిస్ట్రిక్ట్ అంటే మనకు హైటెక్ సిటీ అద్దాల మేడలో, ప్లేస్‌మెంట్ వచ్చిన సీనియర్లు ఫొటోలు పెట్టే ఓఎమ్మార్ ఆఫీసులో గుర్తొస్తాయి. రేణిగుంట వాళ్ళకు దగ్గర్లో ఉన్న పాత బిజినెస్ డిస్ట్రిక్ట్ మాత్రం చెన్నై జార్జ్‌టౌన్. మా ఊళ్ళో కొట్టు నడిపేవాళ్ళు "సరుక్కి ప్యారిస్ పోయొచ్చినా" అంటుంటారు. ఆ ప్యారిస్ ఫ్రాన్సులోది కాదు. 1788లో థామస్ ప్యారీ మొదలుపెట్టిన కంపెనీ పేరు మీద వచ్చిన ప్యారీస్ కార్నర్.

మొన్న ఒక శనివారం ఒక్కదాన్నే వెళ్ళి, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడ నడిచాను. మీరూ నడవాలనుకుంటే దారి ఇది. రేణిగుంటలో పొద్దున బండెక్కితే పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా దాదాపు మూడు గంటల్లో సెంట్రల్. అక్కడ భోంచేసి, ఆటో ఎక్కకుండా స్టేషన్ పక్కనే ఉన్న వాల్ టాక్స్ రోడ్డుతో మొదలుపెట్టండి.

ఈ పేరు వెనక కథ భలే ఉంటుంది. హైదర్ అలీ దండయాత్రల కాలంలో ఇంగ్లీషువాళ్ళు ఊరి చుట్టూ గోడ కట్టి, ఖర్చు ఊరివాళ్ళ దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు. గోడా దాదాపుగా పోయింది. కట్టని పన్ను పేరు మాత్రం రోడ్డుకు మిగిలింది. వీ.ఓ.సీ. రోడ్డు అని పేరు మార్చినా జనం నోట్లో ఇంకా వాల్ టాక్సే.

ఇక్కడినుంచి తూర్పుకు, సముద్రం వైపు నడుస్తూ పోవాలి. మొదట వచ్చే భాగం పెద్దనాయకన్‌పేట. పెద్ద నాయకుడు అంటే ఊరి కావలి చూసే అధికారి. ఇళ్ళనుంచి, సరుకుమీద రుసుము తీసుకునేవాడు, దొంగతనం జరిగితే నష్టం తనే కట్టుకోవాలి. పోలీసూ ఇన్సూరెన్సూ ఒకే మనిషి అన్నమాట. ఆయన పదవి పేరు తెలుగులో ఉండడం వింత కాదు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ ఇసుక నేల ఇచ్చిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు తెలుగువాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నం అయింది. మన పక్క శ్రీకాళహస్తి సంస్థానం కూడా దామెర్ల వారిదే. వాళ్ళ పైన ఉన్న ఆరవీటి రాయల రాజధానుల్లో చంద్రగిరి ఒకటి. చంద్రగిరి కోటకు కాలేజీ ట్రిప్ వెళ్ళినప్పుడు ఈ ముక్క మనకెవరూ చెప్పలేదు.

గోవిందప్ప నాయకన్ వీధి దాటాక కొత్వాల్ చావడి. కన్యకా పరమేశ్వరి దేవస్థానం వాళ్ళ స్థలంలో నడిచిన కూరగాయల మార్కెట్టు ఇది. 1996లో కోయంబేడుకు తరలింది. ఆ తర్వాత గోడౌన్ వీధి, అంతా బట్టలు. కాస్త అవతల ఆండర్సన్ వీధి, అంతా కాగితం, పెళ్ళి పత్రికలు. ఒకే సరుకు అమ్మేవాళ్ళు పక్కపక్కనే కూచుంటే నష్టం కదా అని నాకూ అనిపించింది. పుత్తూరునుంచి వచ్చిన కొట్టు యజమాని వైపునుంచి చూడండి: సాయంత్రం బండికి తిరిగిపోవాలి. ఒకే వీధిలో పది కొట్లుంటే గంటలో ధర తేలిపోతుంది, అప్పు ఎవరిస్తారో తెలిసిపోతుంది, పార్శిల్ ఆఫీసు నాలుగడుగుల్లో ఉంటుంది. పక్కవాడు పోటీదారుడే, కానీ కొనేవాణ్ణి ఆ వీధికి రప్పించేది ఆ గుంపే. ఆండర్సన్ వీధిలో నా వచ్చీరాని తమిళంలో ధర అడిగితే పెద్దాయన "తెలుగులోనే అడుగమ్మా, యా ఊరు మీది?" అన్నాడు. మనవళ్ళకు మాత్రం మాట్లాడ్డమే వచ్చట, చదవడం రాదట.

ప్రకాశం సాలై దగ్గర కాసేపు ఆగండి. పాత పేరు బ్రాడ్‌వే, అంతకుముందు మురుగు పారే పల్లం. దానికి పడమట పెద్దనాయకన్‌పేటలో కుడిచేతి కులాలు, తూర్పున ముత్యాలపేటలో ఎడమచేతి కులాలు. కోమట్లు అటు, బేరి చెట్లు ఇటు. ఎవరి ఊరేగింపు ఏ వీధిలో పోవాలన్న దానికి గొడవలు పడి, చివరికి ఊరినే పంచుకున్నారు. వ్యాపారం అందరినీ కలుపుతుందని ఎవరైనా అంటే నాకు ఈ పల్లం గుర్తొస్తుంది. ఇప్పటి పేరు టంగుటూరి ప్రకాశంగారిది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఈ ప్యారీస్ ప్రాంతంలోనే ఆయన తుపాకీకి ఎదురుగా గుండె చూపించింది.

అక్కడినుంచి ఆర్మేనియన్ వీధి. 1772 నాటి చర్చి లోపల ఎంత నిశ్శబ్దమంటే బయట హారన్లు వేరే ఊరివి అనిపిస్తాయి. తర్వాత తంబుచెట్టి వీధి. మన క్లబ్ వాళ్ళు ఈ వీధిలో చెప్పులు విప్పి నడవాలి! కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలై ఈ వీధినుంచే వెలువడింది, 1924నుంచి భారతి కూడా. నేను వీధంతా ఒకసారి అటూ ఇటూ తిరిగాను. ఆ గుర్తు చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనిపించలేదు. లాయర్ల ఆఫీసులు, జిరాక్స్ కొట్లు ఉన్నాయి. "మద్రాసు మనదే" అని ఒకప్పుడు నినాదాలిచ్చాం. 1960లో తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లానుంచి అటు పోయింది. ఊరు ఎవరిదన్న తగువుకన్నా, భారతి అచ్చయిన వీధి మనలో ఎంతమందికి తెలుసన్నదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ మూల ఒక రాతి స్తంభం ఉంది, తొందరలో చూడకుండా దాటిపోతారు. ఫ్రెంచివాళ్ళ ముట్టడి భయంతో ఇంగ్లీషువాళ్ళు కోట ముందున్న మొదటి ఊరినంతా కూలగొట్టి మైదానం చేశారు, ఫిరంగులకు అడ్డం లేకుండా. 1773లో హద్దు రాళ్ళు పాతారు, వాటి లోపల ఇల్లు కట్టకూడదు. మిగిలిన రాయి ఇదొక్కటే. ఎదురుగా ఎర్రటి హైకోర్టు, 1892లో ఆ ఖాళీ నేల మీదే కట్టారు. కూలిన చెన్నకేశవ ఆలయాన్ని తర్వాత పూలబజారులో చెన్నమల్లేశ్వరుడి గుడి పక్కన మళ్ళీ కట్టుకున్నారు. దేవరాజ ముదలి వీధి దాటేటప్పుడు చూడొచ్చు. ఇప్పుడు మనం నడిచిన బజారంతా ఆ రోజు ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వెనక్కి జరిగి పెంచుకున్నదే.

రాజాజీ సాలై మీద ఉత్తరంగా తిరిగితే జీపీవో, స్టేట్ బ్యాంకు ఎర్ర భవనాలు, వాటి తర్వాత బర్మా బజార్. బర్మానుంచి తిరిగొచ్చిన కాందిశీకుల కోసం 1969లో పెట్టింది. చుట్టుపక్కల బండ్ల మీద అత్తో అని నూడుల్స్ అమ్ముతారు, చింతపండు పులుపుతో. తప్పక తినండి.

ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలకు ఒక మాట: రద్దీయే ఇక్కడ రక్షణ, బ్యాగు మాత్రం ముందుకు వేసుకోండి. చీకటి పడ్డాక సందుల్లోకి పోవద్దు, టోకు కొట్లు మూసేస్తే వీధి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. ఆదివారం అసలు వెళ్ళకండి, షట్టర్లు తప్ప ఏమీ కనిపించవు. బీచ్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే రెండో స్టాప్ పార్క్, రోడ్డు దాటితే సెంట్రల్.