ఊపిరిని కొలిచే గొట్టం

మా అక్కకు ఉబ్బసం. మొన్న చలికాలంలో ఆమె ఇంటికి వెడితే రెండు చిన్న ప్లాస్టిక్ గొట్టాలు చూపించింది. ఒకటి తాను కొన్నది, రెండవది కొడుకు తెచ్చింది. రెండింట్లోనూ ఊదింది. ఒకదానిలో ముల్లు 260 దగ్గర, రెండవదానిలో 310 దగ్గర ఆగింది.

“తమ్మీ, ఊదింది నేనే గదా! ఇది గింత అంటాంది, అది గంత అంటాంది. దేన్ని నమ్మాలె?” అన్నది.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకేం తెలుసు? డాక్టరు మిత్రుణ్ణి అడిగాను. ఆయన చెప్పిన సంగతులు చాలా ఇళ్ళకు పనికివచ్చేవే.

ఊపిరిని కొలవడం కొత్త విద్య కాదు. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు నీళ్ళలో బోర్లించిన పాత్రలోకి ఊదించి, అది ఎంత పైకి లేచిందో చూసి, ఊపిరితిత్తుల శక్తిని లెక్కకట్టాడు. అదే స్పైరోమీటరు. 1959లో మార్టిన్ రైట్ అనే ఆంగ్లేయుడు ఊపిరి వేగాన్ని మాత్రం కొలిచే పీక్‌ఫ్లో మీటరును లోకానికి చూపించాడు. అక్క చేతిలోని గొట్టం దాని పిల్లరూపమే. నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి వచ్చిందో చెబుతుంది. ఖరీదు కొన్ని వందల రూపాయలే.

అయితే ఈ మీటర్లన్నీ ఒకే మాట చెప్పవు. రైట్ కొలత మధ్య అంకెల దగ్గర ఎక్కువ చూపిస్తున్నదని తేలి, 2004లో బ్రిటన్‌లో ఆ కొలతనే మార్చారు. కనుక ఇవాళ ఒక గొట్టం, రేపు మరొకటి పనికిరాదు. నిలబడి, నిండుగా గాలి పీల్చి, పెదవులు బిగించి, ఒక్క పెట్టున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. వయసునుబట్టి, ఎత్తునుబట్టి అంకె మారుతుంది. అందుచేత పక్కింటివారితో పోటీ వద్దు. బాగున్న రోజుల్లో మనకు వచ్చిన పెద్ద అంకెతోనే పోల్చుకోవాలి. అందులో సగానికి దిగిందా, ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

మన వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు ఇప్పుడు లేదు గాని, ఎనుమాముల మార్కెట్టుకు పత్తి రాక ఆగలేదు. పత్తి ధూళి తెచ్చే జబ్బులో ఒక వింత ఉన్నది: సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటిరోజునే ఛాతీ బిగుస్తుంది. పనికి ముందూ, తరువాతా ఊది రాసుకుంటే ఆ తేడాను ఈ చిన్న గొట్టం కూడా పట్టివ్వగలదు. కాని జబ్బు పేరు చెప్పడం దానివల్ల కాదు. అందుకు ఆసుపత్రిలో స్పైరోమీటరు పరీక్ష కావలసిందే.

అక్క ఒక గొట్టాన్ని అటక ఎక్కించింది. రెండవదాని పక్కన పాలలెక్క పుస్తకం పెట్టుకున్నది. నిన్న పలకరిస్తే, “ఇయ్యాల 290, తమ్మీ!” అన్నది. ఆ గొంతులో ఆయాసం లేదు.