పెద్ద పేజీలు ఎప్పుడు లాభం?

మాది భివండీ, ధామన్‌కర్ నాకా దగ్గర. మా బాబాయి పవర్‌లూమ్ కార్ఖానాలో ఏ తాను ఏ మూల ఉందో పెద్ద పుస్తకంలో రాసి ఉంటుంది. గుమాస్తా మాత్రం మాటిమాటికీ అది తెరవడు. రోజూ కావలసినవి ఒక చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాడు. కంప్యూటర్ మెమరీలో జరిగేదీ ఇదే.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్, మెమరీని 4 కేబీ ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క ఒక పేజీ. (మన శాఖ లెక్కన ‘పుట’ అనాలి, ఎవరూ అనరు!) ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పుస్తకం పేజీ టేబుల్. మామూలు 64 బిట్ల ఇంటెల్ యంత్రాల్లో దానికి నాలుగు అంచెలు. ప్రతిసారీ నాలుగూ దిగితే ఆలస్యం కాబట్టి, ప్రాసెసర్ దగ్గర టీఎల్‌బీ అనే చీటీ ఉంటుంది.

చీటీ చిన్నది, చిక్కంతా అక్కడే. ఇంటెల్ స్కైలేక్‌లో రెండో అంచె టీఎల్‌బీకి 1,536 గదులు. 4 కేబీ పేజీలతో నింపితే 6 ఎంబీ మెమరీకే సరిపోతుంది. అదే 2 ఎంబీ పేజీలైతే 3 జీబీ! టేబుల్‌లో ఒక అంచె కూడా తగ్గుతుంది.

మరి అన్నీ పెద్దవే పెట్టొచ్చు కదా అంటారా? ఒక పెద్ద పేజీకి 512 చిన్న పేజీల చోటు వరుసగా ఖాళీగా దొరకాలి. చాలాసేపు నడిచిన యంత్రంలో ఖాళీ ఉంటుంది, కానీ చిల్లరగా, అక్కడొకటి ఇక్కడొకటి. వాటిని పక్కకు జరిపి చోటు చేయడం కెర్నల్‌కి అదనపు చాకిరీ. ఇంకో నష్టం, 10 కేబీ చాలే చోట 2 ఎంబీ ఇస్తే మిగిలిందంతా దండగ.

2011లో వచ్చిన లినక్స్ 2.6.38 నుంచి, ప్రోగ్రాము అడగకపోయినా కెర్నలే పెద్ద పేజీ ఇవ్వగలదు. దండగ సంగతి మన దేశంలోనూ పట్టించుకున్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఢిల్లీ ఐఐటీ పరిశోధకులు 2019లో ‘హాక్‌ఐ’ అనే పద్ధతి చూపించారు. మెమరీ కరువైనప్పుడు, పెద్ద పేజీలో సున్నాలతోనే పడి ఉన్న భాగాలను వెతికి, పేజీని విడగొట్టి వెనక్కి తీసుకుంటుంది. నాకు బాగా నచ్చింది ఇదే, ఇచ్చేయడం కంటే తిరిగి తీసుకోవడమే కష్టం మరి.

లినక్స్‌లో దీనికి మూడు అమరికలున్నాయి: ‘ఆల్వేస్’, ‘ఎంఅడ్వైజ్’, ‘నెవర్’. మా అన్నయ్య పాత లాప్‌టాప్‌లో ఉన్నదే 4 జీబీ. అందుకని మొన్న సెలవుల్లో ‘ఆల్వేస్’ తీసేసి ‘ఎంఅడ్వైజ్’ పెట్టాం. ఇప్పుడు అడిగిన ప్రోగ్రాముకే పెద్ద పేజీ.