కరెంటు బండి: రాయితీ ఉండగా కొనవలెనా, ఆగవలెనా?

గత మాసము సంఘ సమావేశము ముగిసిన పిమ్మట కొందరు సభ్యులు మమ్ము నిలిపి యొక ప్రశ్న వేసిరి. "అయ్యా, కరెంటు బండికి రాయితీ పోతుందని షాపువాడు తొందరపెడుతున్నాడు. ఇప్పుడే తీసుకొమ్మంటారా, ఇంకా చవక అయ్యేదాకా ఆగమంటారా?" అని యడిగిరి. నిలుచున్న చోటనే యొక్కమాటలో సమాధానము చెప్పుట మాకు సాధ్యము కాలేదు. క్రొత్త విత్తనమును గూర్చి యడిగినపుడు మేము ముందు నేల యెట్టిది, నీరెంత యని విచారింతుము గదా! బండి విషయమునను అదే పద్ధతి నవలంబించి, లెక్క వేసి, ఈ పత్రికా ముఖమున సభ్యులందరి యెదుట నుంచుచున్నాము.

రాయితీ నడచిన త్రోవ

కేంద్ర ప్రభుత్వమువారు 2015వ సంవత్సరమున "ఫేమ్" అను పథకమును ప్రారంభించిరి. దాని రెండవ విడత 2019 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు నడచెను. 2021 జూన్ మాసమున ద్విచక్ర వాహనములకు ఈ సహాయమును పెంచి, బ్యాటరీలో పట్టు ప్రతి యూనిటునకు 15,000 రూపాయల చొప్పున, బండి వెలలో నూటికి 40 వంతులు మించకుండ నిచ్చిరి. మూడు యూనిట్ల బ్యాటరీ గల స్కూటరునకు 45,000 రూపాయల వరకు లభించిన కాలమది. 2023 జూన్‌లో దానిని యూనిటునకు 10,000 చేసి, వెలలో 15 వంతులకు పరిమితము గావించిరి. 2024 ఏప్రిల్ నుండి బండికి 10,000 మించలేదు. అదే సంవత్సరము అక్టోబరున వచ్చిన "పి.ఎం. ఇ-డ్రైవ్" పథకమునను మొదట అంతియే, 2025 ఏప్రిల్ నుండి యూనిటునకు 2,500, బండికి 5,000 రూపాయలే గరిష్ఠము. ద్విచక్ర వాహనముల కిచ్చు ఈ సహాయము 2026 మార్చి 31తో ముగియునని 2025 ఆగస్టులో ప్రకటించిరి.

దీనిని చూచిన యెడల ఆగినకొలది నష్టమనియే తోచును. కాని నాణెమునకు రెండవ ప్రక్కను గూడ చూడవలసి యున్నది.

ఆగినవారికి దక్కినదేమి?

కరెంటు బండి వెలలో పెద్దభాగము బ్యాటరీదే. బ్లూమ్‌బెర్గ్ సంస్థవారి లెక్కల ప్రకారము ప్రపంచమున బ్యాటరీ సగటు వెల యూనిటునకు 2023లో 139 డాలర్లుండగా, 2024లో 115 డాలర్లకు దిగెను. రాయితీ తగ్గిన పిదప అనేక కంపెనీలవారు లక్ష రూపాయలకు లోబడిన బండ్లను తెచ్చిరి. అనగా ప్రభుత్వము ఒక చేత తగ్గించినదానిలో కొంత అంగడియే మరియొక చేత నిచ్చినది.

అంతకన్న ముఖ్యమైనది ప్రాణభద్రత. 2022 ఏప్రిల్ మాసమున విజయవాడలోను, నిజామాబాదులోను ఇండ్లలో ఛార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి మనుష్యులు మరణించిరి. అటుపిమ్మట ప్రభుత్వమువారు బ్యాటరీల పరీక్షా నిబంధనలను కఠినము చేసి, 2022 డిసెంబరు 1 నుండి మొదటి భాగమును, 2023 మార్చి 31 నుండి రెండవ భాగమును అమలులోనికి తెచ్చిరి. 45,000 రూపాయల రాయితీ లభించిన కాలపు బండ్లలో పెక్కింటికి ఈ పరీక్షలు లేవు.

మే మెరిగిన యొక రైతు 2022లో నెలాఖరు దాటిన రాయితీ పోవునను తొందరలో, మరమ్మతు శాల యెక్కడ నున్నదో విచారింపక బండి కొనెను. ఏడాది తిరుగక మునుపే బ్యాటరీ చెడెను. అమ్మినవాని కొట్టు మూతపడెను. ఆ బండి నేటికిని పశువుల పాకలో గోడకు జేరబడి యున్నది. రాయితీ దక్కెను గాని బండి దక్కలేదు.

మన లెక్క

పాత బండి విరిగి పనికిరాక పోయినవానికి ఆగుటయను ప్రసక్తి లేదు. నడుచుచున్న పెట్రోలు బండి గలవానికే ఈ ప్రశ్న. కావున వానినే దృష్టియందుంచుకొని లెక్క వేయుదము.

పెట్రోలు లీటరు 110 రూపాయలనియు, మన బండి లీటరునకు 50 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. కిలోమీటరునకు 2 రూపాయల 20 పైసలు. మూడు యూనిట్ల బ్యాటరీ నింపుటకు గోడమీటరుపై ఇంచుమించు మూడున్నర యూనిట్లు తిరుగును. మన త్రోవలలో దానితో 90 కిలోమీటర్లు పోవచ్చును. యూనిటు 7 రూపాయలైనను కిలోమీటరునకు 30 పైసలు దాటదు. మిగులు 1 రూపాయి 90 పైసలు.

ఇక ఖర్చు. లక్ష రూపాయలు నూటికి 12 వంతుల వడ్డీకి తెచ్చినచో మొదటి సంవత్సరపు వడ్డీ 12,000. ఒక సంవత్సరము ఆగినవానికి ఈ వడ్డీ మిగులును. పెట్రోలు ఆదాయును, 5,000 రూపాయల రాయితీయు పోవును.

పాల కేంద్రమునకును, అంగడికిని దినమునకు 40 కిలోమీటర్లు తిరుగు రైతును తీసికొందము. ఏడాదికి 300 దినములకు 12,000 కిలోమీటర్లు. ఆదా 22,800 రూపాయలు. రాయితీ యున్నను లేకున్నను, ఇతడు ఆగుట నష్టమే. బండి వెల మరుసటి యేడు కొంత తగ్గినను ఆ నష్టము తీరుట కష్టము.

ఇంటినుండి చేనికి, చేనినుండి ఇంటికి దినమునకు 5 కిలోమీటర్లు తిరుగు రైతునకు ఏడాదికి ఆదా 2,850 మాత్రమే. దానికి రాయితీ 5,000 కలిపినను 7,850. వడ్డీయో 12,000. రాయితీ కొరకు తొందరపడినచో ఇతడు 4,150 రూపాయలు చేతినుండి వదలుకొనును. ఇతడు ఆగవలెను.

మరి రాయితీ నిజముగా యెవరి తీర్పును మార్చును? లెక్క కట్టిచూడగా, రాయితీ లేనిచో దినమునకు 21 కిలోమీటర్లు తిరుగువానికి ఆదాయు వడ్డీయు సరిపోవును. రాయితీ యున్నచో 12 కిలోమీటర్లకే సరిపోవును. ఈ 12కును 21కిని నడుమ నున్నవాడొక్కడే రాయితీ తేదీని చూచి యాలోచింపవలసినవాడు. అంతకు పైవాడు రాయితీ లేకున్నను కొనవచ్చును. క్రిందివాడు ఉన్నను కొనరాదు. షాపువాడు తొందరపెట్టునది అందరిని. తొందర యవసరమైనది ఈ నడిమివానికి మాత్రమే. సొంత సొమ్ముతో కొనువాడు వడ్డీకి బదులు ఆ సొమ్ము సంఘములో డిపాజిటు చేసిన వచ్చెడి రాబడిని వ్రాసికొని ఇదే లెక్క వేసికొనవలెను.

కారు సంగతి

సొంతముగా నడుపుకొను కార్లకు పైని చెప్పిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమున నగదు సహాయము లేదు. వారికి గల లాభము పన్నులలోనే. కరెంటు బండ్లపై జి.ఎస్.టి.ని 2019 ఆగస్టున నూటికి 12 నుండి 5 వంతులకు దించిరి. తెలంగాణ ప్రభుత్వమువారు 2024 నవంబరులో ఇచ్చిన యుత్తరువు ననుసరించి 2026 డిసెంబరు 31 వరకు రిజిస్టరగు కరెంటు వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించిరి. పదిలక్షల కారునకు ఈ మినహాయింపు లక్షకు తక్కువ కాదు. ఈ తేదీని మాత్రము కారు కొననెంచువారు గుర్తుంచుకొనవలసినదే. అయితే 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి.ని 28 నుండి 18కి తగ్గించుటచే రెంటికిని గల అంతరము మునుపటికన్న కురచయైనది.

అమెరికాలో నున్న మన బిడ్డలకును ఇట్టి పరీక్షయే వచ్చెను. అచ్చట క్రొత్త కరెంటు కారునకు గల 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో నిలిచిపోయెను. ఆ మూడు మాసములలో జనులు గుంపులుగా కొనిరి. అక్టోబరులో అమ్మకములు కూలిపోయెను. అందు అవసరముండి కొన్నవారెందరో, గడువునకు భయపడి కొన్నవారెందరో వారివారి మనస్సులకే యెరుక.

కొనదలచినవారికి హెచ్చరికలు

1. పంట ఋణమును బండికి మళ్లింపరాదు. సకాలమున తీర్చిన పంట ఋణమునకు నూటికి 4 వంతులే వడ్డీ. ఎరువులకు పోవలసిన సొమ్ము చక్రములక్రిందికి పోయినచో వాయిదా తప్పును. ఆ మేలును పోవును. దాని దెబ్బ సంఘమునకును తగులును.

2. వ్యవసాయపు ఉచిత కరెంటు మోటారు కొరకు ఇచ్చినది. దానినుండి బండికి ఛార్జి పెట్టుట తప్పు. ఇంటి మీటరునుండియే పెట్టవలెను. తెలంగాణలో గృహజ్యోతి క్రింద 200 యూనిట్లలోపు వాడువారు, దినమునకు 40 కిలోమీటర్లు తిరిగినచో నెలకు 40 యూనిట్లు పెరుగునని తెలిసి, హద్దు దాటకుండ చూచుకొనవలెను.

3. పడకగదిలోను, గడ్డివామి దగ్గరను, ఎండలో కాగిన బండికి వెంటనే, ఛార్జి పెట్టరాదు. కంపెనీవా రిచ్చిన ఛార్జరునే వాడవలెను. ఎర్తు తీగె సరిగా నున్నదో లేదో ముందు కరెంటు పనివానికి చూపవలెను.

4. బిల్లులో బండి వెల, ఛార్జరు వెల, రాయితీ తగ్గింపు వేరువేరుగా వ్రాయించుకొనవలెను. ఛార్జరునకు ప్రత్యేకముగా వసూలు చేసిన కొన్ని కంపెనీలవారు 2023లో ఆ సొమ్మును తిరిగి యిచ్చుటకు అంగీకరింపవలసి వచ్చినది.

5. మరమ్మతు శాల మన మండల కేంద్రమునకు ఎంత దూరమో, బ్యాటరీకి ఎన్ని యేండ్ల హామీయో వ్రాతమూలముగా తెలిసికొనిన పిదపనే బయానా ఇయ్యవలెను. బ్యాటరీ నిలిపియుంచినను కొంత శక్తి తరుగును. కావున వాడుక లేని బండిని కొని దాచుకొనుట వలన లాభము లేదు.

సోదరులారా, మీరు చేయవలసినది సులభము. రేపటినుండి ఒక నెలపాటు బండి మీటరును ఉదయము, రాత్రియు చూచి, తిరిగిన కిలోమీటర్లను గోడపై బొగ్గుతోనైనను వ్రాసికొనుడు. నెల చివర ఆ లెక్క పట్టుకొని సంఘ కార్యాలయమునకు రండు. మీ యంకెలతోనే మేము కూర్చుండి లెక్క వేసి చూపుదుము. గడువు తేదీ ప్రభుత్వముది, అవసరము మీది. కొనుట మీ యవసరమును బట్టి జరుగవలెను.